కొత్త సంచికలు పెద్దగా రాని ఈ బుధవారం ఏ కామిక్స్ మొదలుపెట్టవచ్చు?

ప్రశ్న: బుధవారం పాఠకుడు (డాలస్)

అందరికీ నమస్కారం. ఈ నెలలో ఐదు బుధవారాలు వచ్చాయి. అమెరికాలో కొత్త కామిక్స్ దుకాణాలకు చేరేది బుధవారం నాడే కాబట్టి, నెలకొకటిగా వెలువడే వరుసలన్నీ మొదటి నాలుగు వారాలలోనే సర్దుకుంటాయి. ఐదో వారం వచ్చేసరికి వార్షిక సంచికలూ, ప్రత్యేక సంచికలూ, పాత కథల పునర్ముద్రణలూ తప్ప బల్ల మీద చెప్పుకోదగ్గవి కనిపించవు. దుకాణం వారు నా పేరు మీద తీసి ఉంచే పుల్ లిస్టులో ఈసారి ఒకే ఒక్క సంచిక ఉంది. మిగిలిన ఇరవై, పాతిక డాలర్లతో ఇంతవరకూ నేను చదవని తరహా పుస్తకం ఏదైనా ప్రయత్నించాలని అనుకుంటున్నాను.

నేను ఎక్కువగా చదివింది బ్యాట్‌మన్, ఎక్స్-మెన్ కథలు. డీసీ సంస్థ 2024 అక్టోబరులో ప్రారంభించిన ‘అబ్సల్యూట్’ వరుసలో బ్యాట్‌మన్, వండర్ ఉమన్ రెండింటినీ క్రమం తప్పకుండా తీసుకుంటున్నాను. వంద సంచికలు చదివితే గాని ముగింపు కనిపించని కథను ఇప్పుడు తలకెత్తుకునే ఓపిక లేదు. భయం కలిగించే కథలైనా అభ్యంతరం లేదు గాని, నెత్తురు ధారలు కట్టే బొమ్మలు మాత్రం వద్దు. బొమ్మ బాగుంటే కథ కొంచెం నెమ్మదిగా నడిచినా సహించగలను. ఇంగ్లీషు కామిక్స్‌లో మన దేశం నేపథ్యంగా ఉన్న మంచి కథలు ఉన్నాయని విన్నాను. వాటిని గురించి కూడా తెలిసినవారు చెప్పగలరు.

ఇంకొక సందేహం. దుకాణం గోడ నిండా ఒకటో నంబరు సంచికలే ఉంటాయి. ఇటువంటి వారంలో వాటిలో నాలుగింటిని తెచ్చుకుని చూడటం మంచిదా, లేక ఏదైనా ఒకే పుస్తకం కొనుక్కోవడం మంచిదా?

జవాబు: పాత అట్టపెట్టె (ఎడిసన్, న్యూజెర్సీ)

మీ చివరి ప్రశ్నకు ముందుగా సమాధానం చెబుతాను. నాలుగు ఒకటో నంబర్లు తెచ్చుకోకండి. ఈ రోజుల్లో ఒక్కో సంచిక నాలుగైదు డాలర్లు పలుకుతుంది, అందులో కథ ఇరవై, ఇరవై రెండు పేజీలకు మించదు. మొదటి సంచికలో రచయిత పాత్రలను పరిచయం చేసి, ఒక చిక్కుముడి వేసి, చివరి పేజీలో ఒక మెరుపు మెరిపించి ఆపేస్తాడు. నాలుగు పుస్తకాలకు ఇరవై డాలర్లు పోసి మీరు ఇంటికి తెచ్చుకునేది నాలుగు ఆరంభాలు మాత్రమే. వచ్చే నెలలో మీ మామూలు జాబితా నిండుగా ఉన్నప్పుడు ఆ నాలుగింటినీ కొనసాగించే డబ్బూ తీరికా ఉండవు. అదే సొమ్ముతో, ఐదారు సంచికల్లో కథ పూర్తిగా ముగిసిపోయి ఒకే సంపుటిగా దొరికే పుస్తకాన్ని తీసుకుంటే, ఆదివారం నాటికి ఒక కథ మొదలు నుంచి చివర వరకూ మీ చేతికి అందుతుంది. కొత్త సరుకు తక్కువగా వచ్చే వారానికి అసలైన ఉపయోగం ఇదేనని నా అభిప్రాయం.

మీరు అడిగిన లక్షణాలన్నీ కలిసిన పుస్తకం ‘ది మెనీ డెత్స్ ఆఫ్ లైలా స్టార్’. రచన రామ్ వి., బొమ్మలు ఫిలిపె ఆంద్రాదె. బూమ్ స్టూడియోస్ వారు 2021లో ఐదు సంచికలుగా వెలువరించారు, ఇప్పుడు ఒకే సంపుటిగా దొరుకుతుంది. కథ ముంబయిలో జరుగుతుంది. మనుషులకు మరణం లేకుండా చేయగల దరియస్ షా అనే శిశువు పుట్టబోతున్నాడని తెలిసి, ఇక మృత్యుదేవతతో పనేముందని దేవలోకపు కార్యాలయం వారు ఆమెను ఉద్యోగంలోంచి తీసేస్తారు. ఆమె అప్పుడే చనిపోయిన లైలా స్టార్ అనే యువతి శరీరంలోకి వచ్చి, ఆ బిడ్డను వెతుక్కుంటూ వెళ్తుంది. అక్కడి నుంచి ఇది వేటాడే కథగా సాగుతుందని మనం అనుకుంటాం; కాని రచయిత ఆ దారి పట్టలేదు. ఒక్కో సంచికలో దరియస్ వయసు కొన్నేళ్ళు ముందుకు జరుగుతుంది. లైలా మాత్రం చచ్చి మళ్ళీ లేస్తూ, అతని జీవితంలో ఎవరో ఒకరు పోయిన సందర్భంలోనే అతనికి ఎదురవుతూ ఉంటుంది. యమధర్మరాజు గురించీ, సావిత్రి గురించీ చిన్నప్పుడే విన్న మనకు చావుతో మాట్లాడటం, వాదించడం కొత్త సంగతి కాదు. అయితే ఇక్కడ చావే మనిషి దగ్గర నేర్చుకోవడానికి కూర్చుంటుంది, ఆ తేడా నాకు బాగా నచ్చింది. ఆంద్రాదె పోర్చుగల్ దేశస్థుడు. సన్నగా, పొడుగ్గా, కొంచెం వంకరగా సాగిపోయే అతని మనుషులూ, గులాబీ ఊదా రంగులు కలిసిన అతని సాయంకాలాలూ సూపర్‌హీరోల బొమ్మలకు అలవాటుపడిన కంటికి మొదటి పది పేజీల వరకూ వింతగా ఉండవచ్చు. తరువాత వేరే విధంగా ఊహించుకోలేరు.

వీరిద్దరే 2023లో మొదలుపెట్టి ఆరు సంచికల్లో ముగించిన ‘రేర్ ఫ్లేవర్స్’ కూడా ఉంది. అందులో రూబిన్ బక్ష్ అనే భారీకాయుడు, చేతిలో పని లేని మో అనే యువ దర్శకుణ్ణి వెంటబెట్టుకుని దేశమంతా తిరుగుతూ, భోజనాల మీద ఒక డాక్యుమెంటరీ తీయించాలని చూస్తాడు. ఆ పెద్దమనిషి ఎవరో కాదు, బకాసురుడు. ఏకచక్రపురంలో బండెడు అన్నం, దానితో పాటు ఒక మనిషి అన్న ఒప్పందం తెలిసిన తెలుగు పాఠకుడికి ఈ పుస్తకంలో అదనంగా దక్కే ఆనందం అమెరికా పాఠకుడికి దక్కదు. కథ మధ్యలో వంటల తయారీని కూడా అల్లుకుంటూ పోతారు. ఆకలితో ఉన్నప్పుడు చదవకండి. రెండింటిలో లైలా స్టార్ మేలైన పుస్తకం, రేర్ ఫ్లేవర్స్ సరదా అయిన పుస్తకం.

రామ్ వి. రాసినదే ‘దీజ్ సావేజ్ షోర్స్’ అని మరొకటి ఉంది. పద్దెనిమిదో శతాబ్దపు మలబారు తీరానికి ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చిన రక్తపిశాచి కథ. బాగానే ఉంటుంది గాని, ఉత్తరాల రూపంలో సాగే కథనం బరువుగా ఉండి, నాకు సగం దాటే వరకూ పట్టు దొరకలేదు. మొదటి పుస్తకంగా అది వద్దు.

దేశం నేపథ్యం అక్కరలేదు, ఏదైనా సరే అనుకుంటే ‘డేట్రిప్పర్’ చూడండి. బ్రెజిల్‌కు చెందిన కవల సోదరులు ఫాబియో మూన్, గాబ్రియేల్ బా కలిసి 2010లో పది సంచికలుగా చేసిన పుస్తకం ఇది. పత్రికలో మరణ వార్తలు రాసే ఒక రచయిత జీవితంలోని వేర్వేరు వయసులను ఒక్కో సంచిక చూపుతుంది, సంచిక చివర అతను చనిపోతాడు, తరువాతి సంచికలో మరో వయసులో బతికే ఉంటాడు. లైలా స్టార్‌నూ దీన్నీ ఒకే వారంలో మాత్రం చదవకండి. రెండూ ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతాయి, పక్కపక్కన పెడితే ఒకదాని రుచిని రెండోది చెడగొడుతుంది.

జవాబు: గళ్ళ కాగితం (సియాటిల్)

పై మిత్రులు సూచించిన పుస్తకాలతో నాకు పేచీ లేదు, వారు చెప్పిన సూత్రంతో మాత్రం ఉంది. పూర్తయిన కథలే కొనాలని పాఠకులందరూ నిర్ణయించుకుంటే, పూర్తి కావడానికి కథలే మిగలవు.

ఈ వ్యాపారం నడిచే తీరు అటువంటిది. కామిక్స్ దుకాణదారు తెప్పించుకున్న సంచికలు అమ్ముడుపోకపోతే, పుస్తకాల దుకాణం వారిలా వాటిని వెనక్కి పంపే సౌకర్యం సాధారణంగా అతనికి ఉండదు; మిగిలినవి అతని నష్టమే. ఎన్ని ప్రతులు కావాలో అతను విడుదలకు మూడు, నాలుగు వారాల ముందే ఖరారు చేసి చెప్పాలి. ఎఫ్‌ఓసీ అని దుకాణాల్లో వినిపించేది ఆ గడువే. కనుక ఒకటో నంబరు ఎన్ని ప్రతులు అమ్ముడుపోయాయో తెలియకముందే రెండో నంబరుకూ, ఒక్కోసారి మూడో నంబరుకూ ఆర్డరు ఇవ్వవలసి వస్తుంది. భయపడి తగ్గించి ఇస్తాడు. పేరున్న సంస్థ సూపర్‌హీరో అయితే ఆ తగ్గుదలకు తట్టుకుంటాడు. చిన్న ప్రచురణ సంస్థలో రచయితా, చిత్రకారుడూ సొంత హక్కులతో చేసుకునే పుస్తకమైతే నాలుగో సంచిక దగ్గరే ఊపిరి ఆగిపోతుంది. దాని పైన పంపిణీ గందరగోళం ఒకటి. దశాబ్దాల పాటు దాదాపు మొత్తం పంపిణీని చేతిలో పెట్టుకున్న డైమండ్ సంస్థ నుంచి 2020లో డీసీ బయటికి వచ్చింది, 2021లో మార్వెల్ పెంగ్విన్ రాండమ్ హౌస్‌కు మారింది, చివరికి 2025 జనవరిలో డైమండ్ దివాలా రక్షణ కోరుతూ కోర్టుకు వెళ్ళింది. చిన్న సంస్థలెన్నో కొత్త పంపిణీదారులను వెతుక్కోవలసి వచ్చింది. ఇటువంటి సమయంలో ఎవరో ఒకరు ఒకటో నంబరు కొని, ‘రెండోది నా పేరు మీద తీసి ఉంచండి’ అని దుకాణంలో చెప్పడానికి విలువ ఉంది.

ఐదో బుధవారం సంగతి కూడా ప్రచురణకర్తలకు తెలియనిది కాదు. ఏడాదికి నాలుగైదు నెలల్లో ఈ అదనపు వారం తప్పకుండా వస్తుంది. 1990లలో డీసీ వారు ఆ ఖాళీని నింపడానికే ఒకే వారంలో కొన్ని ప్రత్యేక సంచికలను కలిపి విడుదల చేసేవారు. 1997లో ‘టాంజెంట్’, 1998లో ‘గర్ల్‌ఫ్రెంజీ’ అలా వచ్చినవే. ఇప్పుడు అంత శ్రద్ధ కనిపించదు, వార్షిక సంచికలతో సరిపెడుతున్నారు.

సరే, ప్రశ్న అడిగినవారికి పనికివచ్చే మాట. ఒకటో నంబర్లూ వద్దు, సంపుటీ వద్దు అనుకుంటే మూడో దారి ఉంది. సంచికకొక కథ చొప్పున ముగిసిపోయే వరుస ఒకటి ఇమేజ్ కామిక్స్‌లో 2018 నుంచి వస్తోంది, పేరు ‘ఐస్‌క్రీమ్ మ్యాన్’. రచన డబ్ల్యూ. మాక్స్‌వెల్ ప్రిన్స్, బొమ్మలు మార్టిన్ మొరాసో. ఏ నంబరు దొరికితే అది తీసుకుని చదవవచ్చు, దాదాపు ప్రతి కథా దానికదే పూర్తవుతుంది. ప్రతి కథలోనూ ఎక్కడో ఒకచోట ఆ ఐస్‌క్రీమ్ బండివాడు తల చూపిస్తాడు, అతను వచ్చిన ఇంట్లో మంచి జరగదు. ఇందులో భయం కన్నా దిగులు పాలు ఎక్కువ. నెత్తురు బొత్తిగా లేదని చెప్పలేను, అప్పుడప్పుడూ ఉంటుంది. దుకాణంలో పేజీలు తిప్పి చూసుకుని తీసుకోండి. కామిక్స్ అనే ప్రక్రియతో ఎన్ని విన్యాసాలు చేయవచ్చో తెలుసుకోవాలనుకునేవారు ఆరో సంచికనూ, పదమూడో సంచికనూ వెతికి పట్టుకోవాలి. ఆరో సంచికలో ఒకే మనిషికి సాధ్యమయ్యే మూడు దారులు ఒకే పేజీ మీద మూడు వరుసలుగా పక్కపక్కనే నడుస్తాయి. పదమూడోదాన్ని ముందు నుంచి వెనక్కీ, వెనక నుంచి ముందుకీ చదువుకోవచ్చు. మన ప్రబంధ కవుల చిత్రకవిత్వం గుర్తుకు రాక మానదు. ఆ పని మాటలతోనే కష్టం, ఇక్కడ బొమ్మల వరుస కూడా తిరగబడి నిలబడాలి.

మీరు అబ్సల్యూట్ వరుస ఎలాగూ చదువుతున్నారు కాబట్టి, 2025 మార్చిలో మొదలైన ‘అబ్సల్యూట్ మార్షన్ మ్యాన్‌హంటర్’ తీసుకోలేదంటే ఆశ్చర్యంగా ఉంది. డెనిజ్ క్యాంప్ రచన, హావియెర్ రోద్రిగెజ్ బొమ్మలు. బాంబు పేలుడు నుంచి బయటపడిన ఒక ఎఫ్‌బీఐ అధికారి తలలోకి మరొక ఉనికి వచ్చి చేరుతుంది, అప్పటి నుంచి ఎదుటివారి మనసులోని ఆలోచనలు అతనికి రంగుల పొగలా కనిపిస్తాయి. ఆ వరుస మొత్తంలో రంగుకు అంత పని చెప్పిన పుస్తకం మరొకటి లేదు. బ్యాట్‌మన్ కోసం కేటాయించే డబ్బులో కొంత దీనికి మళ్ళించినా నష్టం లేదని నా గట్టి నమ్మకం.

జవాబు: మలబారు మిరియాలు (హైదరాబాదు)

‘దీజ్ సావేజ్ షోర్స్’ను రెండు వాక్యాల్లో పక్కన పెట్టేసినందుకు న్యూజెర్సీ మిత్రులతో తగవు పడటానికి వచ్చాను.

2018, 2019 మధ్య వాల్ట్ కామిక్స్ ద్వారా ఐదు సంచికలుగా వచ్చిన ఆ పుస్తకం జరిగేది 1766లో, కోళిక్కోడు ప్రాంతంలో. హైదర్ అలీ సేనలు మలబారులోకి దిగిన ఏడాది అది. అదే ఏడాది నవంబరులో నిజాం అలీ ఖాన్ ఉత్తర సర్కారులను ఈస్టిండియా కంపెనీకి వదులుకుంటూ ఒప్పందం చేసుకున్నాడు. అంటే శ్రీకాకుళం నుంచి కృష్ణా తీరం దాకా మన కోస్తా చరిత్ర మలుపు తిరిగిన సంవత్సరం కూడా అదే. పుస్తకంలో సర్కారుల ప్రస్తావన కోసం వెతకకండి. కాని మిరియాల కోసమూ, ఓడరేవుల కోసమూ వచ్చినవారు రాజ్యాల పంచాయితీల్లో ఎలా వేలు పెట్టారో చదువుతుంటే తెలుగు పాఠకుడికి సొంత ఊరి సంగతి విన్నట్టే ఉంటుంది. లండనులో అల్లరై, తలదాచుకోవడానికి ఓడెక్కి వచ్చిన రక్తపిశాచి ఇక్కడ తానే అందరికన్నా భయంకరుడినని అనుకుంటాడు. ఈ నేలకు దాని సొంత రాక్షసులు ఉన్నారన్న సంగతి అతనికి త్వరలోనే తెలుస్తుంది. ఆ రాక్షసుడి పేరు బిషన్. ఒక బాల రాకుమారుడికి అంగరక్షకుడిగా ఉంటాడు, ఒక నర్తకిని ప్రేమిస్తాడు. కంపెనీవారి ఉత్తరాల్లో కనిపించే దర్పానికీ, పక్కనే బొమ్మల్లో జరుగుతున్నదానికీ మధ్య ఉన్న దూరమే ఈ పుస్తకానికి ప్రాణం. ఉత్తరాలు బరువుగా ఉన్నాయనేవారు వాటిని ఆ బొమ్మలతో కలిపి మరోసారి చూడాలని మనవి.

చిత్రకారుడు సుమిత్ కుమార్ మన దేశంవాడు. పేజీని తొమ్మిది సమానమైన గళ్ళుగా విడగొట్టి, ఆ బిగువులోనే నాట్యాన్నీ యుద్ధాన్నీ చూపించిన తీరు గమనించదగ్గది. మాటల బుడగల్లో అక్షరాలు కూర్చిన ఆదిత్య బిడికర్ కూడా మన దేశంవాడే. ఇమేజ్ వారి ‘ది డిపార్ట్‌మెంట్ ఆఫ్ ట్రూత్’లో అక్షరాలు కూడా ఆయనవే. అక్షరాల కూర్పు అనే పనిని ఎవరూ పట్టించుకోరు. బాగున్నప్పుడు కంటికి ఆననే ఆనదు, బాగా లేనప్పుడు కథ మొత్తం చిరాకు పుట్టిస్తుంది.

వీటితో పాటు ‘బ్లూ ఇన్ గ్రీన్’ కూడా గుర్తుంచుకోండి. రామ్ వి. రచనకు ముంబయి చిత్రకారుడు ఆనంద్ ఆర్‌కె బొమ్మలు వేశారు. 2020లో నేరుగా పుస్తకంగానే వచ్చింది, సంచికలుగా రాలేదు. జాజ్ సంగీతమూ, తల్లి మరణమూ, కుటుంబంలో దాచి ఉంచిన ఒక రహస్యమూ కలిసిన భయానక కథ. ఈ పుస్తకానికే 2021లో ఆనంద్ ఆర్‌కె, రంగులు వేసిన జాన్ పియర్సన్ ఇద్దరికీ కలిపి చిత్రరచన విభాగంలో, అమెరికా కామిక్స్ రంగంలో పేరున్న ఐస్నర్ అవార్డు దక్కింది. సాక్సోఫోన్ నాదాన్ని బొమ్మగా మార్చిన పేజీలు ఉన్నాయి, వాటి కోసమైనా కొనవచ్చు. కథ చివరకు వచ్చేసరికి కొంత అస్పష్టంగా మిగులుతుంది, అది కొందరికి నచ్చదు.

హైదరాబాదులో ఉండి వీటిని సంచికల రూపంలో వారం వారం కొనడం మాకు కుదిరే పని కాదు. సంపుటి వచ్చేదాకా ఆగి ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటాం. అందువల్ల పూర్తయిన పుస్తకమా, సంచికలా అన్న మీ వాదం మా వరకూ ఎప్పుడో తేలిపోయింది.

జవాబు: నిశ్శబ్ద పాఠకురాలు (అట్లాంటా)

డబ్బు ఖర్చు పెట్టకముందు మీ ప్రాంతపు గ్రంథాలయం హూప్లా సేవను అందిస్తున్నదో లేదో చూసుకోండి. గ్రంథాలయం కార్డు ఉంటే చాలు, నెలకు కొన్ని పుస్తకాలను ఫోనులోనే ఉచితంగా తీసుకోవచ్చు. గ్రంథాలయాల మరో యాప్ లిబ్బీలో ఎదురయ్యేటట్టు వరుసలో వేచి ఉండవలసిన పని లేదు. కామిక్స్ సంపుటాలు అందులో విస్తారంగా ఉన్నాయి. అక్కడ మొదటి యాభై పేజీలు చదివి నచ్చితే దుకాణంలో ప్రతి కొనుక్కోవచ్చు. ఇలా చేస్తే న్యూజెర్సీ, సియాటిల్ మిత్రులిద్దరి మాటా నెగ్గినట్టే.

నా సూచన ఒక్కటే. మార్వెల్ వారి ‘ది విజన్’. సూపర్‌హీరోలు అలవాటైనవారిని అటు నుంచి ఇటు తీసుకురావడానికి దీనికి మించిన వంతెన లేదు. టామ్ కింగ్ రచన, గాబ్రియేల్ ఎర్నాందెస్ వాల్టా బొమ్మలు. 2015, 2016లలో పన్నెండు సంచికలుగా వచ్చి ముగిసింది, 2017లో ఐస్నర్ అవార్డు పొందింది. అవెంజర్స్‌లో ఒకడైన విజన్ అనే యంత్రమానవుడు తనకొక భార్యనూ, కవల పిల్లలనూ తయారు చేసుకుని, వాషింగ్టన్ పక్కనున్న ఆర్లింగ్టన్‌లో ఇల్లు తీసుకుని, ఇరుగుపొరుగులాగే మామూలుగా బతకాలని ప్రయత్నిస్తాడు. మంచి ఉద్యోగం, మంచి బడి, పచ్చిక కత్తిరించిన వాకిలి, అయినా ఇరుగుపొరుగు చూపుల్లో మాత్రం ఎప్పటికీ పరాయివారే. ఈ దేశానికి వచ్చి స్థిరపడిన మనలాంటివారికి ఆ చూపులను వివరించనక్కరలేదు.

ప్రశ్న అడిగినవారు: బుధవారం పాఠకుడు (డాలస్)

అందరికీ ధన్యవాదాలు. గ్రంథాలయం కార్డుతో ‘ది విజన్’ తీసుకుని చూస్తాను. దుకాణంలో లైలా స్టార్ సంపుటిని అడుగుతాను, డబ్బు మిగిలితే ‘ఐస్‌క్రీమ్ మ్యాన్’ ఆరో సంచిక పాత అరల్లో ఉందేమో వెతుకుతాను. ‘సావేజ్ షోర్స్’ విషయంలో మీరిద్దరూ ఒక మాట మీదికి వచ్చేదాకా ఆగుతాను. ఒక్క సందేహం మిగిలింది. ‘ది విజన్’ చదవడానికి అవెంజర్స్ పాత కథలన్నీ తెలిసి ఉండాలా? నాకు సినిమాల్లో చూసినంతే తెలుసు.

జవాబు: నిశ్శబ్ద పాఠకురాలు (అట్లాంటా)

అక్కరలేదు. విజన్‌ను తయారు చేసింది అల్ట్రాన్ అనే దుష్ట యంత్రమనీ, అతనికి ఒకప్పుడు స్కార్లెట్ విచ్‌తో పెళ్ళయిందనీ తెలిస్తే చాలు. మిగిలినది కథలోనే చెబుతారు. రెండు సంపుటాలుగా ఉన్న ప్రతి దొరికితే మొదటిదానిలో ఆరు సంచికలు ఉంటాయి, కథ సరిగ్గా ఊపందుకున్న చోట అది ఆగిపోతుంది. కాబట్టి పన్నెండు సంచికలూ కలిపి వేసిన ప్రతి ఉంటే దాన్నే తీసుకోండి, లేదా రెండు సంపుటాలూ ఒకేసారి తెచ్చుకోండి.